డిఫెండర్‌కు కొండ ఎక్కడం తేలిక, సెల్లార్ దిగడం కష్టం

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఒక్కటైనా కనిపిస్తుంది. నలుపలకల ఒళ్లు, వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ, మనిషి ఛాతీ దాకా వచ్చే బానెట్. లాండ్ రోవర్ డిఫెండర్. దాన్ని చూసినప్పుడు వినిపించే మాటలు రెండు. ఒకటి, "అది కారు కాదు, యుద్ధ ట్యాంకు." రెండోది, "కొన్నవాడి కంటే షెడ్డువాడే దాన్ని ఎక్కువ చూస్తాడు." రెండిట్లోనూ కొంత నిజం, చాలా అతిశయోక్తి ఉన్నాయి.

ఈ తరహా ఖరీదైన ఆఫ్‌రోడ్ బండ్ల మంచిచెడ్డలను సాధారణంగా రెండు జాబితాలుగా రాస్తారు: ఇవి బలాలు, ఇవి లోపాలు అని. అలా విడదీస్తే అసలు సంగతి తప్పిపోతుంది. ఈ బండిలో బలం ఒక భాగంలో, లోపం ఇంకో భాగంలో ఉండవు. రాళ్ల దారిలో కాపాడే భాగమే ఊళ్లో ఇబ్బంది పెడుతుంది. డిఫెండర్‌నే ఉదాహరణగా తీసుకుని ఒక్కో భాగం చూద్దాం.

ఎత్తుగా ఉన్నదల్లా ఆఫ్‌రోడర్ కాదు

మన రోడ్ల మీద తిరిగే ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం కాస్త ఎత్తు పెంచిన మామూలు కార్లే. ఇంజిన్ శక్తి ముందు రెండు చక్రాలకే వెళుతుంది. కొన్నిట్లో అవసరాన్ని బట్టి నాలుగు చక్రాలకూ వెళుతుంది. దాన్ని ఆల్ వీల్ డ్రైవ్ అంటారు. వానలో జారే రోడ్డుకు, మంచుకు అది చాలు. బండరాళ్ల వాగు దాటాలంటే చాలదు.

అసలైన ఆఫ్‌రోడర్‌కు లో రేంజ్ ఉంటుంది. మామూలు గేర్లకు తోడుగా ఉండే మరో గేర్ల వరుస ఇది. డిఫెండర్‌లో దీని నిష్పత్తి సుమారు 2.93. అంటే ఇంజిన్ అదే వేగంతో తిరుగుతున్నా చక్రాలు దాదాపు మూడో వంతు వేగంతో కదులుతాయి, చక్రం దగ్గర తిప్పే బలం దాదాపు మూడు రెట్లవుతుంది. మొదటి గేరులో కాలు ఆనించకుండా బండి గంటకు 6 కిలోమీటర్ల వేగంతో పాకుతుందనుకుంటే, లో రేంజ్‌లో 2 కిలోమీటర్లతో పాకుతుంది. పక్కన నడిచే మనిషి కంటే నెమ్మది. రాళ్ల మీద కావలసింది అదే. దూకుడుగా ఎక్కే బండి అడుగుభాగం పగలగొట్టుకుంటుంది.

రెండోది డిఫరెన్షియల్ లాక్. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పరుగెత్తాలి. రెండూ వేరువేరు వేగాలతో తిరగడానికి వీలు కల్పించే గేర్ల పెట్టె డిఫరెన్షియల్. దీనికో బలహీనత ఉంది: ఒక చక్రం గాలిలోకి లేస్తే అది ఊరికే గిరగిరా తిరుగుతుంది, నేల మీదున్న చక్రానికి కదిలించేంత బలం అందదు. లాక్ వేస్తే రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మెర్సిడెస్ జి-క్లాస్‌లో మూడు లాకులు ఉంటాయి: ముందు, మధ్య, వెనక. డిఫెండర్‌లో మధ్య లాకు, అదనంగా కోరుకుంటే వెనక లాకు ఉంటాయి. ముందు చక్రాల పని బ్రేకులు చూసుకుంటాయి. ఊరికే తిరుగుతున్న చక్రాన్ని కంప్యూటర్ బ్రేకుతో పట్టి ఆపుతుంది, బలం అవతలి చక్రానికి మళ్లుతుంది. దగ్గర నిలబడి చూస్తే తమాషాగా ఉంటుంది: గాలిలోని చక్రం సగం చుట్టు తిరిగి, టకటకమని చప్పుడు చేసి ఆగుతుంది, ఒక్క క్షణం ఏమీ జరగదు, తర్వాత బండి నిబ్బరంగా ముందుకు కదులుతుంది.

ఇసుకలో గీసిన బొమ్మ

1947లో రోవర్ కంపెనీ ఇంజినీరు మారిస్ విల్క్స్ వేల్స్‌లోని రెడ్ వార్ఫ్ తీరంలో ఇసుక మీద ఒక బండి బొమ్మ గీశాడు. యుద్ధంలో మిగిలిపోయిన అమెరికా జీపులాంటిది రైతుల కోసం చేయాలని ఆలోచన. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో అది లాండ్ రోవర్‌గా జనం ముందుకు వచ్చింది. యుద్ధానంతర బ్రిటన్‌లో ఉక్కుకు రేషన్. అందుకే ఒంటికి అల్యూమినియం రేకులు వాడారు. డిఫెండర్ అన్న పేరు 1990లో పెట్టారు. సోలిహల్ ఫ్యాక్టరీలో చివరి బండి 2016 జనవరి 29న బయటికి వచ్చింది. అప్పటికి కంపెనీ మన టాటాల చేతిలోకి వచ్చి దాదాపు ఎనిమిదేళ్లు.

పాత డిఫెండర్ కింద లాడర్ ఫ్రేమ్ ఉండేది. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, మధ్య అడ్డ కమ్మీలు, చూడ్డానికి నిచ్చెనలా ఉంటుంది. దాని మీద బాడీని వేరే బిగిస్తారు. మన లారీలన్నీ ఇలాగే ఉంటాయి. 2019 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించిన కొత్త డిఫెండర్‌లో ఫ్రేమ్ లేదు. ఒళ్లంతా ఒకే అల్యూమినియం పెంకు. దీన్ని మోనోకాక్ అంటారు. తయారీ కూడా బ్రిటన్‌లో కాదు, స్లొవేకియాలోని నిత్రాలో.

ఇక్కడ మొదలైన గొడవ ఇంకా ఆగలేదు. పాతకాలపు అభిమానుల వాదన ఇది: ఫ్రేమ్ వంగితే వెల్డింగు చేసి సరిచేయొచ్చు, బాడీ సొట్టపడితే ఆ రేకు ఒక్కటీ మార్చొచ్చు, చెట్టు కింద పానాలు పరుచుకుని ఇంజిన్ విప్పొచ్చు, ఇవేవీ లేనిది డిఫెండర్ ఎలా అవుతుంది? బ్రిటన్ పారిశ్రామికవేత్త జిమ్ రాట్‌క్లిఫ్ ఈ అసంతృప్తి మీదే ఒక కంపెనీ పెట్టి, లాడర్ ఫ్రేమ్‌తో ఇనియోస్ గ్రెనడియర్ తయారు చేయించాడు. పాత డిఫెండర్ ఆకారాన్ని ట్రేడ్‌మార్కు చేసుకుని కాపాడుకోవాలని జాగ్వార్ లాండ్ రోవర్ ప్రయత్నించింది కానీ 2020లో బ్రిటన్ హైకోర్టులో చుక్కెదురైంది.

కంపెనీ వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. లాడర్ ఫ్రేమ్ బండ్ల కంటే కొత్త ఒళ్లు మూడు రెట్లు బిగువైనదని అది చెబుతుంది. బిగువు వల్ల ఏమిటి లాభం? బండి మూలకు మెలిపడ్డప్పుడు ఒళ్లు సాగదు, తలుపులు కిర్రుమనవు, కుదుపులను మింగే సస్పెన్షన్ అనుకున్నట్టు పనిచేస్తుంది. పాతదానికి ప్రమాద భద్రత ప్రస్తావనకు కూడా రాదు. కొత్త డిఫెండర్‌లో 110 అనే మోడల్‌కు 2020లో, యూరప్‌లో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ ఐదు నక్షత్రాలు ఇచ్చింది. పాత డిఫెండర్‌లో వంద కిలోమీటర్ల వేగంతో పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి. కొత్తదానిలో వెనక సీట్లో పిల్లలు నిద్రపోతారు. నన్నడిగితే, పాతదాన్ని పొగిడేవారిలో సగం మంది దానిలో విజయవాడ దాకా కూడా వెళ్లి ఉండరు.

టయోటా లాండ్ క్రూజర్ 300, జి-క్లాస్ మాత్రం ఇప్పటికీ ఫ్రేమ్‌నే నమ్ముకున్నాయి. రెండిటికీ వెనక మొండి ఇరుసే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి దూలం. దీనిలో ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసు వాలి రెండో చక్రాన్ని నేలకు అదుముతుంది. ఒక్కో చక్రానికి విడివిడిగా సస్పెన్షన్ ఉన్న డిఫెండర్‌లో అది సహజంగా జరగదు. ఎయిర్ స్ప్రింగులూ ఎలక్ట్రానిక్సూ ఆ లోటును పూడుస్తాయి. బదులుగా తారురోడ్డు గతుకుల మీద డిఫెండర్ చక్కగా సాగిపోతుంది, మొండి ఇరుసు బండి వెనక భాగం కుదుపుతుంది.

340 మిల్లీమీటర్ల తోక ఖరీదు

ఆఫ్‌రోడ్ సామర్థ్యంలో చాలా భాగం ఇంజిన్‌లో కాదు, జ్యామితిలో ఉంటుంది. ముందు చక్రం నేలను తాకే చోటి నుంచి బంపర్ అడుగుకు గీత గీస్తే వచ్చే కోణం ఎంత ఎక్కువైతే, ముక్కు తగలకుండా అంత నిటారు గట్టు ఎక్కొచ్చు. వెనక కూడా అంతే. రెండు ఇరుసుల మధ్య పొట్ట తగలకుండా దాటగల గుట్ట కోణం మూడోది.

డిఫెండర్ 110, 130 మోడళ్లు ఈ విషయాన్ని ఏ పాఠ్యపుస్తకం కంటే బాగా చెబుతాయి. రెండిటి ఇరుసుల మధ్య దూరం ఒకటే, 3022 మిల్లీమీటర్లు. మూడో వరుసలో పెద్దవాళ్లు కూడా కూర్చోవాలని 130కి వెనక 340 మిల్లీమీటర్లు పొడిగించారు. దాంతో 40 డిగ్రీలున్న వెనక కోణం 28.5కి పడిపోయింది. 110 సునాయాసంగా దిగిన గట్టు దగ్గర 130 తోక నేలను గీరుతుంది. ఎనిమిది మంది కూర్చునే బండి, గట్లు దిగే బండి ఒకటే కావాలంటే కుదరదు.

ఎయిర్ సస్పెన్షన్ ఈ కోణాలను మారుస్తుంది. స్ప్రింగుల స్థానంలో రబ్బరు గాలి సంచులుంటాయి. కంప్రెసర్ గాలి నింపితే బండి 75 మిల్లీమీటర్లు లేస్తుంది, మరీ కష్టమైన చోట 145 దాకా. ఆఫ్‌రోడ్ ఎత్తులో 110 గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ, 291 మిల్లీమీటర్లు. ఇంటికొచ్చాక అమ్మమ్మ ఎక్కడానికి వీలుగా 50 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది కూడా. అయితే రబ్బరు వయసుతో పగులుతుంది, కంప్రెసర్ అరుగుతుంది. ఉక్కు స్ప్రింగు పదిహేనేళ్లకు కూడా స్ప్రింగే. గాలి సంచికి ఆ హామీ లేదు.

900 మిల్లీమీటర్ల నీళ్లు: ఏది వాగ్దానం, ఏది కాదు

వానాకాలం వస్తే ఎక్కువగా వినిపించే అంకె ఇదే. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న డిఫెండర్ 900 మిల్లీమీటర్ల లోతు నీటిని దాటగలదని కంపెనీ చెబుతుంది. పాతదానికి 500 మాత్రమే. గాలి పీల్చే మార్గం ఎత్తున ఉంటుంది. అద్దాల కింది సెన్సర్లు లోతును కొలిచి తెర మీద చూపిస్తాయి. బయటికొచ్చాక బ్రేకులు తమంతట తామే కాస్త రాసుకుని ఆరిపోతాయి. ఇదంతా నిజమే.

అయితే ఈ అంకె నిలిచిన నీటికి, గట్టి నేలకు, నెమ్మదైన వేగానికి చెప్పింది. ప్రవహించే నీటికి కాదు. ఎందుకో చిన్న లెక్క వేద్దాం. మనుషులు కూర్చునే భాగం అడుగు 3 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు అనుకుందాం. వైశాల్యం 5.1 చదరపు మీటర్లు. నీరు అడుగుభాగాన్ని దాటి ప్రతి 10 సెంటీమీటర్లు పెరిగినప్పుడల్లా, లోపలికి రాకపోతే, సుమారు 510 కిలోల బరువును పైకి తోస్తుంది. 30 సెంటీమీటర్లకు అది ఒకటిన్నర టన్ను. బండి బరువు 2.4 టన్నులనుకుంటే, దాదాపు మూడింట రెండొంతుల బరువు నీటి మీదికి పోయింది. చక్రాలు నేలను పట్టుకునేది మిగిలిన ఒక వంతుతోనే. ఆ సమయంలో పక్కనుంచి ప్రవాహం తోస్తే ఏం జరుగుతుంది? ప్రవాహ వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. తలుపుల రబ్బర్లు బిగుతుగా ఉండి లోపలికి చుక్క రానివ్వని కారు ఆ మేరకు త్వరగా తేలుతుంది. పాత లాండ్ రోవర్‌లోకి నీళ్లు సందుసందునా వచ్చేవి. కాళ్లు తడిసేవి కానీ బరువు కూడా పెరిగేది. నాణ్యతే ఇక్కడ ప్రమాదంగా మారడం చిత్రమే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో నిలిచిన నీరు చాలాచోట్ల ఈ 900 గీతను ఎప్పుడో దాటిపోయింది. ఆ లోతులో ధరతో పని లేదు. ఇంజిన్‌లోకి నీరు చేరితే నీటిని నొక్కి చిన్నది చేయడం పిస్టన్ వల్ల కాదు, దానికి తగిలించిన కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మన బీమా పాలసీల్లో ఇంజిన్ రక్షణ సాధారణంగా విడిగా కొనుక్కోవలసిన అదనపు భాగం.

రిమ్ము పెద్దదైతే టైరు చిన్నదవుతుంది

అందరికీ కనిపించేదీ, ఎవరూ లెక్కవేయనిదీ టైరు. డిఫెండర్‌కు 18 నుంచి 22 అంగుళాల దాకా రిమ్ములు దొరుకుతాయి. షోరూములో 22 అంగుళాలదే అందంగా ఉంటుంది. ఇప్పుడు టైరు పక్కన ఉండే అంకెలు చదువుదాం. 255/70 ఆర్18 అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు దానిలో 70 శాతం, అంటే 178.5 మిల్లీమీటర్లు. 275/45 ఆర్22 అంటే పక్క గోడ 275లో 45 శాతం, సుమారు 124 మిల్లీమీటర్లు. బయటి కొలత దాదాపు ఒకటే, లోపల రబ్బరు మాత్రం 55 మిల్లీమీటర్లు తగ్గిపోయింది.

ఆ 55 మిల్లీమీటర్లే రాయికీ రిమ్ముకూ మధ్య పరుపు. ఇసుకలో వెళ్లేవారు టైరులో గాలి తగ్గిస్తారు; టైరు చప్పబడి, పాదం సాగి, ఎక్కువ నేలను పట్టుకుంటుంది. గోడ ఎత్తుగా ఉంటేనే అది కుదురుతుంది. 22 అంగుళాలతో ఆ పని చేస్తే రిమ్ము రాయిని ముద్దాడుతుంది. ఎక్కువ డబ్బిచ్చి కొన్న చక్రం ఆఫ్‌రోడ్‌కు పనికిరానిది, చవకైన 18 అంగుళాల ఉక్కు రిమ్మే పనికొచ్చేది. కోటి రూపాయల బండిలో ఇంత తమాషా మరొకటి లేదు. హైవే మీద మాత్రం పొట్టి గోడల టైరే మలుపుల్లో నిలకడగా ఉంటుంది, ఆ సంగతీ చెప్పాలి.

సెల్లార్ లెక్క

మన అపార్ట్‌మెంట్లలో కారుకు గీసే గడి సాధారణంగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. డిఫెండర్ 110 స్టెప్నీతో కలిపి 5.018 మీటర్ల పొడవు, అద్దాలు మూసినా 2.008 మీటర్ల వెడల్పు. సరిగ్గా మధ్యలో నిలిపితే ఇరువైపులా మిగిలేది 246 మిల్లీమీటర్లు. జానెడు కంటే కాస్త ఎక్కువ. పక్కన స్తంభం ఉంటే తలుపు తెరిచి దిగడం సర్కస్సే. వెనక తలుపు పైకి లేవదు, పక్కకు తెరుచుకుంటుంది. గోడకు ఆనించి పెడితే డిక్కీలోంచి బియ్యం బస్తా దించుకోవడానికి బండిని మళ్లీ ముందుకు తీయాలి. సుమారు 1.97 మీటర్ల ఎత్తున్న బండికి పైన రాక్ బిగిస్తే సెల్లార్ దూలం వైపు కళ్లు పెట్టి దిగాలి. మలుపు తిరగడానికి కావలసిన వృత్తం వ్యాసం దాదాపు 12.8 మీటర్లు, చిన్న కార్లకు పది చుట్టుపక్కల సరిపోతుంది.

ఇబ్బంది లోపలివారిదే కాదు. మీటరుకు పైగా ఎత్తున్న నిలువు ముక్కు ముందు చిన్నపిల్లవాడు నిలబడితే డ్రైవరుకు కనిపించకపోవచ్చు. అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే హైవే భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో పాదచారుల ప్రమాదాలను పరిశీలించి, 40 అంగుళాలకు మించిన బానెట్ ఉన్న వాహనాలు ఢీకొంటే మరణించే అవకాశం, 30 అంగుళాలు లేదా తక్కువ ఎత్తులో వాలుగా ఉన్న ముక్కు గల వాటితో పోలిస్తే సుమారు 45 శాతం ఎక్కువని తేల్చింది. బరువైన కార్లకు పార్కింగు రుసుము మూడింతలు చేయాలా అని 2024 ఫిబ్రవరిలో పారిస్ నగరం ఓటు పెట్టింది. ఓటేసిన వారిలో 54 శాతానికి పైగా అవునన్నారు, నగరం మధ్యలో గంటకు 18 యూరోలు చేశారు. ఓటేసింది మాత్రం ఆరు శాతం లోపే. దీన్ని ప్రజాతీర్పు అనేవారూ ఉన్నారు, పిడికెడు మంది పెట్టిన జరిమానా అనేవారూ ఉన్నారు. యజమానుల వాదన, ఇవి కెమెరాలూ స్వయంచాలక బ్రేకులూ ఉన్న బండ్లు కదా అని. కెమెరా ఉండడం మేలే. కానీ కెమెరా బరువును తగ్గించదు.

డబ్బు ఎక్కడ కారుతుంది

2020లో డిఫెండర్ మన దేశానికి వచ్చినప్పుడు ప్రారంభ ధర ఎక్స్-షోరూమ్‌లో రూ.73.98 లక్షలు. 2025 సెప్టెంబరు 22కు ముందు ఇలాంటి బండ్ల మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు, మొత్తం 50 శాతం ఉండేది. ఆ తేదీ నుంచి సెస్సు పోయి జీఎస్టీ 40 శాతమైంది. పన్నుకు ముందు 70 లక్షలున్న బండి లెక్కన 1.05 కోట్లు కాస్తా 98 లక్షలకు వచ్చింది, 7 లక్షల తేడా. దాని మీద రాష్ట్రం లైఫ్ ట్యాక్సు, బీమా వేరే.

పెట్రోలు చూద్దాం. లీటరుకు 8 కిలోమీటర్లు ఇస్తుందనుకుని, ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే 1,500 లీటర్లు. లీటరు 105 రూపాయలైతే రూ.1,57,500. లీటరుకు 18 ఇచ్చే చిన్న కారుకు దాదాపు 70 వేలు. తేడా ఏడాదికి 87 వేల పైచిలుకు. పొరుగువాళ్లు మైలేజీ ఎంతని అడుగుతారు గానీ అసలు చిల్లు అక్కడ లేదు, తరుగుదలలో ఉంది. ఆన్‌రోడ్ 1.2 కోట్లు పెట్టి కొన్న బండి ధర నాలుగేళ్లలో సగమైందనుకోండి. 60 లక్షలను 48 నెలలకు పంచితే నెలకు లక్షా పాతిక వేలు. షెడ్డులో కదలకుండా ఉన్నా అది కరుగుతూనే ఉంటుంది.

ఇక నమ్మకం సంగతి. వినియోగదారుల సర్వేల్లో లాండ్ రోవర్ పేరు ఏళ్ల తరబడి కింది వరుసల్లోనే ఉంటోంది, టయోటా పేరు పై వరుసల్లో. కొన్ని సర్వేలు తెర స్తంభించడాన్నీ, గేర్‌బాక్సు ఆగిపోవడాన్నీ ఒకే ఫిర్యాదుగా లెక్కేస్తాయన్నది లాండ్ రోవర్ అభిమానుల సమాధానం. అది న్యాయమైన మాటే. కానీ ఈ బండిలో చిన్న సెన్సరు మొరాయించినా కంప్యూటర్ జాగ్రత్తపడి ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది. దాన్ని దారికి తేవాలంటే పాన కాదు, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. 1984 నుంచి వస్తున్న లాండ్ క్రూజర్ 70 సిరీస్‌ను ఆఫ్రికాలో సహాయ సంస్థలూ, ఆస్ట్రేలియాలో గనుల కంపెనీలూ ఇప్పటికీ వదలకపోవడానికి కారణం ఇదే. అక్కడ బండి ఆగితే దగ్గర్లోని షోరూము రెండు రోజుల ప్రయాణం కావచ్చు.

హైదరాబాద్ నుంచి వికారాబాద్ అడవి దాకా వెళ్లే మనిషికి ఆ భయం పెద్దగా వర్తించదు. బండి ఆగితే ఫోను చేస్తాడు, గంటా రెండు గంటల్లో ట్రాలీ వస్తుంది. అదే మనిషికి 40 డిగ్రీల కోణం, 900 మిల్లీమీటర్ల లోతు, లో రేంజ్ ఎంతవరకు వర్తిస్తాయో కూడా అదే కొలతతో చూడాలి. వారాంతంలో అతని బండి ఎక్కే అతి నిటారు గట్టు, చాలా మటుకు, సొంత సెల్లార్ ర్యాంపే.